ఆరు కుట్ల పాంటు

పోయిన సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు ఓ పాంటు కుట్టాను. చిరిగినదాన్ని కుట్టడం కాదండోయ్, గుడ్డ కొని, తడిపి, కత్తిరించి మొదట్నుంచీ కుట్టడం. నడుముకి ఎలాస్టిక్ ఉండే పైజామాలాంటి పాంటు. మా టీములో చెప్తే "ఆన్‌లైన్లో పెడితే రెండ్రోజుల్లో వచ్చేది కదా, నీకిదేం పోయేకాలం" అన్నారు. పెట్టాకే ఈ పనికి దిగానని వాళ్ళకి తెలీదు పాపం.

మాది సంతబొమ్మాళి. మావయ్యది ఉద్దానం, వజ్రపుకొత్తూరు వైపు. పోస్టుమాన్‌గా చేసి రిటైరయ్యాడు. ఇప్పుడు పలాసలో డయాలసిస్. ఉద్దానం అనగానే మీకు కిడ్నీలు గుర్తొస్తాయి కాబట్టి ఆ కథ మళ్ళీ చెప్పను. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం తెరిచారు. జబ్బుకి ఫలానాదే కారణమని ఒక్క మాటలో చెప్పగలిగినవాళ్ళు మాత్రం ఇంకా లేరు. పండక్కి మావయ్య మా ఇంట్లో పది రోజులున్నాడు, ఇక్కణ్ణుంచే టెక్కలి మీదుగా పలాస వెళ్ళొచ్చాడు. చుట్టూ నౌపడ ఉప్పుమళ్ళు, మా ఇంట్లో ఆ పది రోజులూ కూరలో ఉప్పు మాత్రం లెక్కపెట్టి వేశారు!

డయాలసిస్ మీదున్న మనిషికి ఒక సారికీ ఇంకో సారికీ మధ్యలో ఒంట్లో నీరు చేరుతుంది. రెండు కిలోల బరువు ఇట్టే పెరుగుతుంది. పాదాలు ఉబ్బుతాయి, పొట్ట బిగుస్తుంది. మావయ్య బెల్టు పాంటు విప్పితే నడుం చుట్టూ ఎర్రగా వాత తేలి ఉంది. లుంగీ కట్టుకోవచ్చు కదా అని మీరూ అంటారు, మేమూ అన్నాం. "ముప్ఫయ్యేళ్ళు పాంటేసుకుని ఇంటింటికీ ఉత్తరాలిచ్చినాను. లుంగీతో పదిమందిలోన మంచమ్మీద నాలుగ్గంటలు పడుకోలేను బావూ" అన్నాడు. ఇంకేం మాట్లాడతాం?

అప్పుడు మనం చేసే పనే చేశా. ఫోను తీసి ఎలాస్టిక్ పాంట్లు రెండు ఆర్డరిచ్చా. ఎక్సెల్ సైజుది నడుం దగ్గర కోసేస్తోంది. డబుల్ ఎక్సెల్‌ది నడుముకి సరే, కాళ్ళు నేల ఊడుస్తున్నాయి. కంపెనీ లెక్కలో నడుం పెద్దదైతే మనిషి కూడా పొడుగవుతాడన్నమాట. రెండూ వాపసు పంపేశా.

ఊళ్ళో టైలరుకిస్తే పోయేది కదా అని అడగొచ్చు. టైలరు కొలత ఒకసారి తీస్తాడు. మావయ్య నడుముకి రెండు కొలతలున్నాయి. డయాలసిస్‌కి వెళ్ళే పొద్దున 37 అంగుళాలు, వచ్చిన మర్నాడు 35. ఈ సంగతి రిపోర్టుల్లో లేదు, నాకెవరూ చెప్పలేదు. టేపు పట్టుకుని రెండు రోజులు నేనే కొలిస్తే తెలిసింది. ఏడాదిగా ప్రతి ఆదివారం ఫోన్ చేసి "ఎలా ఉంది మావయ్యా" అంటున్నా, "బాగుంది" అంటున్నాడు. ఆ 2 అంగుళాలు ఫోన్లో వినపడవు మరి. నెలనెలా డబ్బు పంపుతున్నాం కదా అనుకునే నాలాంటి వాళ్ళందరూ ఒక్క పాంటన్నా కుట్టాలని నా వాదన. ఆడవాళ్ళ పనీ, టైలరు పనీ అనేవాళ్ళతో నాకు పేచీ లేదు, వాళ్ళు ఒకసారి కుట్టి చూసి అప్పుడు మాట్లాడాలి.

పని పెద్దదేం కాదు. కాలికి పక్కన కుట్టు లేకుండా ఒకే ముక్క తీసుకుంటే మొత్తం ఆరు కుట్లు. కాళ్ళ లోపలివైపు రెండు, కాళ్ళ మధ్య వంపులో ఒకటి, నడుం చుట్టూ ఒకటి, అంచులకి రెండు. గుడ్డ 44 అంగుళాల పన్నా అయితే పెద్దాళ్ళకి రెండున్నర మీటర్లు పడుతుంది. నూలుబట్ట కాబట్టి ముందు తడిపి ఆరేసి తీరాలి, లేకపోతే మొదటి ఉతుకుతో పాంటు కాస్తా మూడొంతుల లాగు అవుతుంది. మిషను అత్తది, కాలితో తొక్కే పాత మిషను. మనం ముందుకనుకుని తొక్కితే చక్రం వెనక్కి తిరిగి దారం తెంపేస్తుంది. దారం ఎక్కించకుండా రూళ్ళ కాయితం మీద గీతల వెంబడి గంటసేపు తొక్కమంది అత్త. అదే అసలైన పాఠం. (వాలుగ చేప దవడతో పత్తి శుభ్రం చేసి సన్ననూలు వడికే పొందూరు మా జిల్లాలోనే ఉంది. ఆ జిల్లావాణ్ణి, సూదిలో దారం ఎక్కించడానికి యూట్యూబు చూశాను.)

రెండు కాళ్ళూ విడివిడిగా కుట్టాక, ఒక దాన్ని మంచివైపు బయటికి తిప్పి, తిప్పని రెండో కాల్లోకి దూర్చాలి. అప్పుడు మధ్య వంపు ముందు నడుం నుంచి వెనక నడుం దాకా ఒక్క గీతలో దొరుకుతుంది. దానిమీదే ఇంకోసారి కుట్టాలి, బరువంతా అక్కడే పడుతుంది కాబట్టి. ఇది చూసినప్పుడు మాత్రం, నిజం చెప్తున్నా, ఈ మధ్య ఏ కోడు చూసినా ఇంత ముచ్చటేయలేదు.

సాయంత్రానికి పాంటు రెడీ. మావయ్య వేసుకున్నాడు, అత్త బాగుందంది, నేను ఫొటో తీసి వాట్సాపులో పెట్టేశా. ఆయన వెళ్ళి కుర్చీలో కూర్చున్నాడు. "ఏటిరా బావూ, నిల్చుంటే బాగానే ఉన్నాది. కూకుంటే ఎనకాల జారిపోతంది."

సింపుల్, సింపుల్ అంటూ నేను చూసిన వీడియోలో ముందుభాగం, వెనకభాగం ఒకే ఎత్తున కోశారు. మనిషి కూర్చున్నప్పుడు వెనకాల గుడ్డ ఎక్కువ కావాలి. మధ్య కుట్టు దగ్గర వెనకవైపు 2 అంగుళాలు ఎత్తు పెంచి, పక్కలకి వచ్చేసరికి ఏటవాలుగా తగ్గించాలి. నేను నిలబెట్టి మాత్రమే టెస్ట్ చేశా. వాడేవాడేమో వారానికి మూడు సార్లు, సారికి నాలుగేసి గంటలు కూర్చునీ పడుకునీ ఉండే మనిషి! ఇలాంటి బగ్గు ఆఫీసులో దొరికితే ఎదుటివాణ్ణి ఎంత వెటకారం చేస్తానో నాకు తెలుసు కాబట్టి నోరు మూసుకుని మర్నాడు మళ్ళీ గుడ్డ కొన్నాను.

రెండోసారి వెనక ఎత్తు పెంచా, నడుం కూడా మార్చా. ఎలాస్టిక్ దానంతటదే సర్దుకుంటుందంటారు గానీ, సాగినకొద్దీ అది బిగుస్తుంది కూడా. సన్నగా ఉన్న రోజుకి కొలత పెడితే ఉబ్బిన రోజున మళ్ళీ అదే వాత. అందుకని అంగుళం వెడల్పు ఎలాస్టిక్‌ని ఉబ్బిన రోజుకి వదులుగా ఉండేలా కోసి, సన్నబడ్డ రోజు కోసం దానితోపాటు బొందు కూడా పెట్టా. బొందు చివర్లు బయటికి రావడానికి ముందువైపు రెండు కాజాలు కావాలి. వాటిని నడుం మడత కుట్టకముందే చేసుకోవాలి, కుట్టేశాక గుర్తొస్తే విప్పడమే గతి. మడతలో 2 అంగుళాల సందు వదిలి, పిన్నీసుకి ఎలాస్టిక్ గుచ్చి చుట్టూ లాగాలి. రెండో చివర మడతలోకి జారిపోకుండా పట్టుకోవడానికి మా చెల్లెలి కొడుకుని కూర్చోబెట్టా. మన చిన్నప్పటి బొందులాగే, కాస్త పెద్దమనిషి తరహాలో.

ఆ పాంటుతోనే పలాస వెళ్ళొచ్చాడు. రాత్రి విప్పాక చూస్తే నడుం మీద వాత లేదు. నేనింకా ఆ సంతోషంలో ఉండగానే పాంటు పట్టుకుని దగ్గరికొచ్చి, రెండు పక్కలా తడిమి చూపించాడు.

"జేబులేవిరా? ఆస్పత్రి బుక్కు ఎక్కడెట్టుకోవాల?"

పక్కన కుట్టే లేని పాంటుకి పక్కజేబు ఎక్కడ పెట్టను? ఉగాదికి కాళ్ళు నాలుగు ముక్కలుగా కోసి, ఎనిమిది కుట్లతో ప్రయత్నిస్తా.