మిల్లు కప్పు మీద సోలార్ మంచిదే, బరువు మన మోటారు మీద పడొద్దు

పోయిన సీజన్‌లో ఆదోని యార్డులో పత్తి అమ్మి, తూకానికి బండి తోలుకుని ఒక జిన్నింగ్ మిల్లుకు పోయాను. మిల్లు రేకుల మీద ఈ కొస నుంచి ఆ కొస దాకా సోలార్ ప్యానెళ్లు పరిచి ఉన్నాయి. "కరెంటు బిల్లు సగానికి పైగా తగ్గిందన్నా" అన్నాడు ఓనరు. "మరి మా పత్తికి క్వింటాలుకు పది రూపాయలన్నా పెంచినారా సేటూ?" అని అడిగితే నవ్వి ఊరుకున్నాడు. ఆ నవ్వు గురించే నాలుగు మాటలు రాస్తున్నాను.

ముందే ఒక మాట చెప్పాలి. సోలార్‌కు నేను వ్యతిరేకిని కాను. మన పడమటి మండలాల్లో వానకు కరువు గానీ ఎండకు కరువు లేదు. మిల్లు ఓనరు కూడా తప్పు చేయలేదు, ప్రభుత్వం ఇచ్చిన సౌకర్యం వాడుకున్నాడు. అయితే ఆ సౌకర్యం ఎవరి సొమ్ముతో వచ్చిందో రైతుకు తెలియాలి.

కోటి రూపాయలు పెట్టి సోలార్ ప్లాంటు వేసిన వ్యాపారి, ఆదాయపు పన్ను చట్టం ప్రకారం మొదటి ఏడాదే 40 శాతం, అంటే 40 లక్షలు, తరుగుదల కింద లాభంలోంచి తీసేసి మిగతాదానికే పన్ను కట్టొచ్చు. 2017 ఏప్రిల్‌కు ముందు ఇది 80 శాతం ఉండేది. రాష్ట్రం వైపు నుంచి సోలార్ పాలసీ 2015, సోలార్ పాలసీ 2018 వచ్చాయి. 2024 అక్టోబరులో సమగ్ర క్లీన్ ఎనర్జీ పాలసీ వచ్చింది. అన్నింటిలోనూ పెట్టుబడి పెట్టేవాళ్లకు రాయితీలు ఉన్నాయి.

వీటికి నెట్ మీటరు తోడు. ఒక కిలోవాట్‌కు సుమారు వంద చదరపు అడుగుల కప్పు కావాలి, రోజుకు నాలుగు యూనిట్ల దాకా వస్తుంది. వంద కిలోవాట్లు పెడితే రోజుకు సుమారు 400 యూనిట్లు. జిన్నింగ్ మిల్లు ఆడేది పత్తి సీజన్‌లోనే. ఎండలు మండే ఏప్రిల్, మే నెలల్లో మిల్లుకు పని తక్కువ, ప్యానెళ్లకు పని ఎక్కువ. ఆ కరెంటంతా లైన్లలోకి పోయి మిల్లు ఖాతాలో జమవుతుంది. మంచి ఏర్పాటే.

కానీ పరిశ్రమలు కట్టే కరెంటు ఛార్జీ మనకు ఉచిత విద్యుత్ అందడానికి ఒక ఆసరా అని మరవొద్దు. 2004 నుంచి వ్యవసాయానికి ఉచిత కరెంటు నడుస్తున్నది. దాని ఖర్చులో కొంత ప్రభుత్వ సబ్సిడీ, కొంత పరిశ్రమల నుంచి, వ్యాపారుల నుంచి ఎక్కువ రేటుకు వసూలు చేసే సొమ్ము. ఒక మిల్లు సొంత కరెంటు చేసుకుంటే ఏమీ కాదు. రాష్ట్రమంతా వేల మిల్లులు, ఫ్యాక్టరీలు అదే దారి పడితే డిస్కంకు ఎక్కువ రేటు కట్టే గిరాకీ తగ్గుతుంది. స్తంభాలు, తీగలు, ట్రాన్స్‌ఫార్మర్ల ఖర్చు మాత్రం తగ్గదు. ఆ లోటు ఎవరు పూడ్చాలి?

ఇక్కడే మనకు భయం. 2020 సెప్టెంబరులో జీవో 22 తెచ్చి మన మోటార్లకు మీటర్లు, ఉచిత విద్యుత్‌కు నగదు బదిలీ అన్నారు. డిస్కంలు నష్టాల్లో ఉన్నాయన్న మాట వచ్చినప్పుడల్లా చూపు మన బోరు మీదికే మళ్లుతుంది. మిల్లుకిచ్చిన రాయితీని ప్రోత్సాహకం అంటారు, మనకిచ్చిన దాన్ని భారం అంటారు. రెండూ ప్రజల సొమ్మే కదా!

ఇంకో సంగతి భూమి. ఉమ్మడి కర్నూలు జిల్లాలో గని, శకునాల దగ్గర 1000 మెగావాట్ల సోలార్ పార్కుకు దాదాపు ఆరు వేల ఎకరాలు పట్టింది. రేపు మన వైపు ఎవరైనా పాతికేళ్ల కౌలుకు భూమి అడిగితే పట్టాదారుకు ఏటా కొంత సొమ్ము రావచ్చు. ఆ పొలం కౌలుకు చేసేవానికి, కలుపు తీసి పత్తి ఏరే కూలికి ఏమొస్తుంది? కోసిగి, కౌతాళం పల్లెలు ఇప్పటికే ఏటా సుగ్గికని గుంటూరు మిరప చేలకు తరలిపోతున్నాయి. ఆ వలస ఇంకా పెరుగుతుంది. కప్పు మీద ప్యానెల్ పెడితే ఎవరి సేద్యమూ పోదు. కాబట్టి కప్పులన్నీ అయ్యాకే పొలం మాట ఎత్తాలి. ఆదోని, ఎమ్మిగనూరు యార్డుల షెడ్లు, గోడౌన్లతోనే మొదలు పెట్టొచ్చు. ఆ ఆదాయాన్ని యార్డులో రైతు సౌకర్యాలకు ఖర్చు చేయాలి.

రైతే కరెంటు అమ్ముకునే దారి కూడా ఉంది. 2019లో వచ్చిన పీఎం కుసుమ్ పథకంలో మొదటి భాగం కింద రైతు గానీ, సహకార సంఘం గానీ, ఎఫ్‌పీఓ గానీ సబ్‌స్టేషన్ దగ్గరి బీడు భూమిలో 500 కిలోవాట్ల నుంచి 2 మెగావాట్ల దాకా ప్లాంటు పెట్టుకోవచ్చు. డిస్కం నిర్ణయించిన ధరకు పాతికేళ్లు కొంటుంది. వ్యవసాయ మౌలిక వసతుల నిధి నుంచి 2 కోట్ల దాకా అప్పుకు 3 శాతం వడ్డీ రాయితీ ఉంది. అయినా బ్యాంకు అడిగే పెట్టుబడి వాటా, పూచీ మన సంఘాల దగ్గర ఎక్కడిది? వ్యాపారికి పన్నులో వదిలేసినంత సాయం రైతు సంఘానికి ముందు పెట్టుబడిగా ఇవ్వాలి. మనకు పన్ను కట్టేంత లాభమే లేనప్పుడు పన్ను రాయితీ ఏం చేసుకుంటాం?

సోలార్ రాయితీల వల్ల డిస్కంకు పడే లోటును ఖజానా నుంచే పూడ్చాలి, మోటార్ల మీదికి తేకూడదు. విద్యుత్ నియంత్రణ మండలి ఏటా ఛార్జీల మీద బహిరంగ విచారణ పెడుతుంది. ఏ వినియోగదారుడైనా అభ్యంతరం రాసి పంపొచ్చు, హాజరై మాట్లాడొచ్చు. ఈసారి విచారణ ప్రకటన రాగానే ప్రతి గ్రామ కమిటీ ఒక్క కాగితమైనా పంపాలి. పరిశ్రమలకిచ్చిన సోలార్ రాయితీల వల్ల ఎంత ఆదాయం తగ్గింది, ఆ లోటు ఎవరి ఖాతాలో రాశారు అని అందులో అడగాలి. సర్వీసు నంబరు, సంతకం మరవొద్దు.