డీజిలా, పెట్రోలా? ముందు బండి ఏం లాగాలో చూడండి

మిరప కోతలు అయిపోయి నాలుగు డబ్బులు చేతికొచ్చే రోజుల్లో మా ఊళ్లో ఏటా ఒకటే మాట వినపడుతుంది. "బాబాయ్, బండి తీసుకుందామనుకుంటున్నా. డీజిలుది తీసుకోమంటావా, పెట్రోలుదా?" ఇరవై ఏళ్లు సొంత ట్రాక్టరు నడిపాను, నాలుగేళ్లు అద్దె జీపు తోలాను. అందుకని నన్నడుగుతారు. అడిగినవాళ్లలో సగం మంది అప్పటికే షోరూములో అడ్వాన్సు కట్టేసి వస్తారు, అది వేరే సంగతి.

ఈసారి అడిగినవాడు నాకు వరసకు కొడుకవుతాడు. మధిర వైపు పల్లె. మూడెకరాలు సొంతం, రెండెకరాలు కౌలు. మిరప, కొంచెం పత్తి. అన్నదమ్ములిద్దరికీ కలిపి ఓ పాత ట్రాక్టరు, దానికో ట్రక్కు ఉన్నాయి. తెలంగాణ లోపలి జిల్లాల్లో ట్రాలీ అంటారే, అదే మా వైపు ట్రక్కు. ఇప్పుడు ఓ చిన్న సరుకుల బండి కొంటే మిరప టిక్కీలు ఖమ్మం మార్కెట్టుకు సొంతంగా తోలుకోవచ్చు, జాతరకు ఇంటిల్లిపాదీ అందులోనే పోవచ్చు అని వాడి ఆలోచన. "లోడు లాగాలంటే డీజిలే కదా బాబాయ్" అని జవాబు కూడా వాడే చెప్పేశాడు.

లాగే విషయంలో వాడన్నది నిజమే. డీజిలు ఇంజనులో గాలిని పదహారు నుంచి ఇరవై వంతుల దాకా అదుముతారు. ఆ వేడికే నూనె అంటుకుంటుంది, ప్లగ్గుతో పని లేదు. పెట్రోలు ఇంజనులో ఆ అదుముడు పది వంతుల దగ్గర ఉంటుంది. పైగా లీటరు పెట్రోలులో కన్నా లీటరు డీజిలులో నూటికి పది పన్నెండు వంతులు ఎక్కువ శక్తి ఉంటుంది. అందుకే డీజిలు బండి తక్కువ స్పీడులోనే గట్టిగా లాగుతుంది, లీటరుకు ఎక్కువ దూరం వస్తుంది. బురద దారిలో, చెరువు కట్ట ఎక్కేటప్పుడు ఆ తేడా డ్రైవరు కాలికే తెలుస్తుంది. రోజూ లోడు లాగేవాడికి డీజిలును మించింది లేదు. ఇందులో పేచీ లేదు.

పేచీ అంతా "రోజూ" అన్న మాట దగ్గర వస్తుంది. మా తరం వాళ్లకు డీజిలు అంటే చవక అని మనసులో పాతుకుపోయింది. 1990ల్లో లీటరు పెట్రోలు పోయించుకునే డబ్బుకు రెండు లీటర్ల డీజిలు వచ్చేది. అందుకే అంబాసిడరు కార్లలో పెట్రోలు ఇంజను పీకేసి డీజిలు ఇంజను వేయించుకున్నవాళ్లు ఊరికొకరుండేవారు. ఇప్పుడా రోజులు పోయాయి. పెట్రోలు ధర మీద ప్రభుత్వం అదుపు 2010 జూన్‌లో, డీజిలు మీద 2014 అక్టోబరులో తీసేశారు. 2024 మార్చిలో రెండు రూపాయలు తగ్గించాక హైదరాబాదులో పెట్రోలు 107 రూపాయల పైచిలుకు, డీజిలు 95 రూపాయల పైచిలుకు. అంటే తేడా పన్నెండు రూపాయలు. సగానికి సగం ఎక్కడ, పన్నెండు రూపాయలెక్కడ?

వాణ్ణి కూర్చోబెట్టి ఓ లెక్క వేయించాను. మాటవరసకు చిన్న డీజిలు బండి లోడు మీద లీటరుకు 18 కిలోమీటర్లు, పెట్రోలుది 14 కిలోమీటర్లు వస్తాయనుకుందాం. కిలోమీటరుకు డీజిలు ఖర్చు అయిదు రూపాయల ముప్పై పైసలు, పెట్రోలు ఖర్చు ఏడు రూపాయల అరవై అయిదు పైసలు పడుతుంది. డీజిలు మీద కిలోమీటరుకు రెండు రూపాయల ముప్పై అయిదు పైసలు మిగులు. ఇక బండి ధర. డీజిలుది లక్ష ఎక్కువనుకుందాం. ఆ లక్షా అప్పే కదా. అయిదేళ్లలో తీర్చాలంటే ఏడాదికి అసలు ఇరవై వేలు. నూటికి రూపాయి వడ్డీ వేసుకున్నా మొదటి ఏడు పన్నెండు వేలు. మొత్తం ముప్పై రెండు వేలు. ఇది ఆ మిగులులోనే రావాలంటే మొదటి ఏడు బండి పదమూడున్నర వేల కిలోమీటర్లు తిరగాలి. తర్వాత వడ్డీ కాస్త తగ్గినా తొమ్మిదిన్నర వేల కన్నా కిందికి దిగదు. ఆదివారం లేదు, పండుగ లేదు, రోజుకు ముప్పై ఏడు కిలోమీటర్లు.

"నువ్వెంత తిప్పుతావురా?" అన్నాను. ఖమ్మం మార్కెట్టుకు పోను రాను వంద కిలోమీటర్లు, సీజనులో పది ట్రిప్పులు. వెయ్యి. ఎరువులకు, విత్తనాలకు, ఆసుపత్రికి, చుట్టాల ఇళ్లకు ఇంకో రెండు వేలు. జాతర, గుళ్లు కలుపుకున్నా నాలుగు వేలు దాటలేదు. అంటే ఏడాదికి మిగిలేది తొమ్మిది వేల చిల్లర, దానికోసం కట్టేది ముప్పై రెండు వేలు. నా అంకెలు మీకు సరిపడకపోవచ్చు. షోరూములో ధరలు అడిగి, మీ వడ్డీ మీరేసి, మీ కిలోమీటర్లు మీరు రాసుకోండి. ఊళ్లో పాలు, కూరగాయలు రోజూ పట్నానికి తోలే కుర్రాళ్లున్నారు. ఏడాదికి ఇరవై వేలు తిరుగుతారు. వాళ్లు డీజిలు కొనడమే న్యాయం. వాళ్లను చూసి మూడెకరాల వాడు కొనడం మాత్రం పక్క చేలో బోరు చూసి మన చేలో బోరు వేయడం లాంటిదే.

కొత్త డీజిలు బండ్లతో ఇంకో చిక్కుంది. 2020 ఏప్రిల్ 1 నుంచి బి.ఎస్.6 నిబంధన వచ్చాక చాలా డీజిలు బండ్లకు పొగగొట్టంలో మసి పట్టే జల్లెడ పెడుతున్నారు. బండి వేడెక్కి కాసేపు ఒకే ఊపులో పరిగెడితే ఆ మసి కాలిపోతుంది. ఇంటి నుంచి చేనుకు, చేను నుంచి కొట్టుకు కిలోమీటరు, రెండు కిలోమీటర్లు తిప్పే బండికి ఆ అవకాశం దొరకదు. జల్లెడ మూసుకుపోతుంది, బోర్డు మీద లైటు వెలుగుతుంది, బిల్లు చేతికొస్తుంది. కొన్నింటికి వేరే ట్యాంకులో యూరియా ద్రావణం కూడా పోయాలి. అది శుద్ధి చేసిన నీళ్లలో 32.5 శాతం యూరియా కలిపి కంపెనీలో తయారుచేసినది. మన బస్తా యూరియా బకెట్లో కలిపి పోస్తే ఆ మిషను పాడైపోతుంది. ఇలాంటి ఉపాయాలు మనవాళ్లకు ముందు తడతాయి గనుక చెబుతున్నాను. మీరు కొనే బండికి ఈ రెండింటిలో ఏవేవి ఉన్నాయో కొనకముందే అడగండి.

అలాగని పెట్రోలు బండి దేవుడిచ్చిన వరమేమీ కాదు. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాలు కలిపిన పెట్రోలు. మన మొక్కజొన్న, చెరకు అందులోకే పోతున్నాయి కనుక రైతుగా కాదనలేను. కానీ దాని మీద మైలేజీ కొంత తగ్గుతుంది. పాత బండ్లలో రబ్బరు గొట్టాలు, వాషర్లు త్వరగా చెడతాయి. ఇథనాలు నీటిని లాక్కుంటుంది. వానాకాలమంతా పాకలో నిలబెట్టే బండి అయితే ట్యాంకు మూత బిగువుగా ఉందో లేదో చూసుకోవాలి. సెకండు హ్యాండు పెట్రోలు బండి కొనేవాళ్లు గొట్టాలు మార్పించాకే పొలిమేర దాటండి.

ఇంధనం గొడవ ఇంతే. వాడి ఆలోచనలో రెండో సగం ఇంటిల్లిపాది ప్రయాణం. నాకు అసలు భయం అక్కడే.

కొత్త బండి కుదరకపోతే వచ్చే మేడారం జాతరకు ట్రాక్టరు ట్రక్కులోనే పోతామన్నాడు. రెండేళ్లకోసారి వచ్చే జాతర. ఒకప్పుడు మేమూ ఎడ్లబండ్ల మీద పోయాం, ట్రక్కులో గడ్డి పరుచుకుని పోయాం. ఆ సరదా నాకూ తెలుసు. ముందు ఖర్చు చూడండి. మా వైపు నుంచి మేడారానికి పోను రాను దాదాపు నాలుగు వందల కిలోమీటర్లు. ట్రాక్టరు గంటకు ఇరవై కిలోమీటర్లు పోతే ఇరవై గంటలు. ట్రక్కు తగిలించుకుని రోడ్డు మీద గంటకు నాలుగైదు లీటర్లు తాగుతుంది. డీజిలే ఎనిమిది తొమ్మిది వేలు. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టిక్కెట్టే లేదు. ఆంధ్రలోనూ 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం వచ్చింది. ఇంట్లో ఆరుగురిలో నలుగురు ఆడవాళ్లయితే లెక్క చెప్పక్కర్లేదు.

డబ్బు పోతే సంపాదించుకుంటాం. 2020 జూన్‌లో వేదాద్రి నరసింహస్వామిని దర్శించుకుని ట్రాక్టరులో తిరిగి వస్తున్నవాళ్లను జగ్గయ్యపేట దగ్గర లారీ గుద్దింది. పది మందికి పైగా పోయారు. వాళ్లు మన జిల్లా వాళ్లే. ఆ ఊరి పేరు మళ్లీ రాయడానికి చెయ్యి రాదు. 2018 జూన్‌లో యాదాద్రి జిల్లా వేములకొండ దగ్గర కూలి పనికి పోతున్న ఆడవాళ్ల ట్రాక్టరు కాలవలో పడి పదిహేను మంది చనిపోయారు. ఉత్తరప్రదేశ్‌లో 2022 అక్టోబరు 1న పిల్లవాడి పుట్టువెంట్రుకలు తీయించుకుని గుడి నుంచి వస్తున్న ట్రక్కు కాన్పూరు జిల్లాలో చెరువులో బోల్తా పడింది. పాతిక మందికి పైగా పోయారు, ఎక్కువమంది ఆడవాళ్లు, పిల్లలు.

డ్రైవరు తాగాడు, నిద్రపోయాడు అని ప్రతిసారీ అనుకుంటాం. కొంత నిజమే కావచ్చు. కానీ మన ట్రక్కు కట్టుబడి సంగతి ఎవరూ మాట్లాడరు. ట్రాక్టరుకు బ్రేకులు వెనక చక్రాలకే. చాలా ట్రక్కులకు అసలు బ్రేకే ఉండదు. పల్లంలో ట్రాక్టరు ఆగినా ట్రక్కు వెనక నుంచి నెడుతుంది. అది ఒక పక్కకు నెట్టిందంటే బండి కత్తెరలా ముడుచుకుంటుంది. పైగా ట్రాక్టరు బ్రేకు పెడళ్లు రెండు, కుడి చక్రానికొకటి, ఎడమ చక్రానికొకటి. దుక్కిలో మలుపు తిప్పడానికి విడివిడిగా వాడతాం. రోడ్డెక్కేటప్పుడు రెంటినీ కలిపి గొళ్లెం వేయాలి. వేయకుండా ఒకటే తొక్కితే బండి ఆ పక్కకు తిరగబడుతుంది. మా ఊళ్లో ఉన్న ట్రాక్టర్లలో ఆ గొళ్లెం తుప్పు పట్టకుండా ఉన్నవి ఎన్నో చూద్దామని పోయిన నెల తిరిగాను. రెండే కనపడ్డాయి.

సరుకు తోలేటప్పుడైనా కొన్ని మరవకూడదు. రెండు చక్రాల ట్రక్కులో బరువంతా వెనక వేస్తే కొక్కెం పైకి లేచి ట్రాక్టరు వెనక చక్రాలకు పట్టు పోతుంది. బరువు కొంచెం ముందుకే ఉండాలి. ఏ గేరులో గట్టు ఎక్కామో ఆ గేరులోనే దిగాలి. డీజిలు మిగులుతుందని న్యూట్రలు చేసి వదిలేవాళ్లున్నారు. వాళ్లకు నేను నమస్కారం పెట్టి పక్కకు తప్పుకుంటాను. కొక్కెం పిన్నుకు క్లిప్పు, ట్రక్కు వెనక ఎర్రగా మెరిసే రేకు తప్పనిసరి. చీకట్లో ఆగిన ట్రక్కు వెనక వచ్చేవాడికి కనపడదు.

ఇక బీమా. "ఇన్సూరెన్సు కట్టాం కదా" అంటాడు మావాడు. సరుకుల బండిలో ఊరికే ఎక్కిన ప్రయాణికులకు బీమా కంపెనీ పరిహారం కట్టనక్కర్లేదని 2002లో సుప్రీంకోర్టు తేల్చింది. సరుకు యజమాని తన సరుకుతో పోతే వేరు సంగతి. జాతరకు పోయే పెద్దమ్మ, పిన్ని, పిల్లలు ఆ లెక్కలోకి రారు. కొన్ని కేసుల్లో ముందు కంపెనీని కట్టమని, ఆనక బండి యజమాని దగ్గర రాబట్టుకోమని కోర్టులు అంటాయి. ఎటు తిరిగీ వచ్చి పడేది యజమాని మీదే. కొత్తగా కొనే చిన్న బండి వెనక తొట్టికీ ఇదే వర్తిస్తుంది, అది డీజిలైనా పెట్రోలైనా.

మరి జాతర మానుకోవాలా? మానుకోమనడానికి నేనెవర్ని? మనుషులు బస్సెక్కండి. వంట సామాను, బియ్యం, మేకపోతు, అమ్మవార్లకు ఎత్తు బంగారంగా ఇచ్చే బెల్లం, ఇవన్నీ సరుకుల బండిలో వేసి ఇద్దరు ముందు సీట్లో కూర్చుని పోండి. నాలుగిళ్ల వాళ్లు కలిస్తే ఒక అద్దె బండి చాలు. అప్పుడు డీజిలా, పెట్రోలా అన్న బాధ అద్దెకిచ్చేవాడిది, మనది కాదు.

మావాడు లేచి వెళ్లేటప్పుడు మొహం కొంచెం ముడుచుకున్నాడు. వారం తర్వాత ఫోను చేశాడు. ఖమ్మంలో పాత పెట్రోలు బండి ఒకటి ఉందట, చూడ్డానికి నన్ను రమ్మంటున్నాడు. "వస్తాలేరా, ముందు ఆ ట్రాక్టరు బ్రేకు గొళ్లెం చూశావా?" అన్నాను. తుప్పు పట్టి ఊడిపోయిందట. వెల్డింగుకు ఇచ్చాడు.