బడి పంచాల్సింది సాధనాలా, సమాచారమా?

సూరత్ నగర పాలక సంస్థ ప్రాథమిక పాఠశాలల్లో గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా, ఇంగ్లిష్ మాధ్యమాలతో పాటు తెలుగు మాధ్యమం కూడా ఉంది. మరమగ్గాల పనికోసం తెలంగాణ నుంచి వలస వెళ్లిన కుటుంబాల పిల్లలు అందులో చదువుతుంటారు. కౌమారంలో శరీరంలో వచ్చే మార్పుల గురించి ఈ పిల్లలకు అర్థమయ్యే భాషలో ఎవరు చెప్పాలి? అవసరమైతే గర్భనిరోధక సాధనాలు ఎవరు ఇవ్వాలి? ఆ పని కూడా బడే చేయాలా?

మన దేశంలో చర్చ పాఠం దగ్గరే ఆగిపోయింది. కేంద్రం 2005లో కౌమార విద్యా కార్యక్రమాన్ని ప్రారంభిస్తే, 2007లో గుజరాత్ సహా పలు రాష్ట్రాలు దాన్ని వ్యతిరేకించాయి. ఎం. వెంకయ్యనాయుడు అధ్యక్షతన రాజ్యసభ పిటిషన్ల కమిటీ కూడా 2009లో బడుల్లో లైంగిక విద్య వద్దనే చెప్పింది.

చెబితే పిల్లలు చెడిపోతారన్నది ఈ వ్యతిరేకత వెనుక ఉన్న భయం. దీన్ని పరీక్షించే అవకాశం అమెరికాలో దొరికింది. కండోమ్‌లు అందుబాటులో ఉంచిన న్యూయార్క్ హైస్కూళ్లను, అవి లేని షికాగో హైస్కూళ్లతో పోల్చిన అధ్యయనం 1997లో వెలువడింది. లైంగిక సంబంధాల విషయంలో రెండుచోట్లా తేడా కనిపించలేదు. కండోమ్ వాడకం మాత్రం న్యూయార్క్‌లో ఎక్కువగా ఉంది.

అలాగని ఆ పద్ధతిని సూరత్‌కు యథాతథంగా తేలేం. ఇక్కడి సమస్య స్వరూపం వేరు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-19 ఏళ్ల అమ్మాయిల్లో అప్పటికే తల్లులైనవారు లేదా గర్భంతో ఉన్నవారు గుజరాత్‌లో 5.2 శాతం, తెలంగాణలో 5.8 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 12.6 శాతం. వీరిలో అత్యధికులు పెళ్లయినవారే. 20-24 ఏళ్ల మహిళల్లో 18 నిండకముందే పెళ్లయినవారు గుజరాత్‌లో 21.8 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం. చదువు మానేసి అత్తారింటికి వెళ్లిన అమ్మాయికి బడిలో పెట్టిన కండోమ్ పెట్టె అందదు.

2016 నాటి కాక్రేన్ సమీక్ష కూడా ఇటే చూపుతోంది. పలు దేశాల్లోని 55 వేల మందికి పైగా విద్యార్థులపై జరిగిన ఎనిమిది పరీక్షలను అది పరిశీలించింది. పాఠాలు మాత్రమే చెబితే గర్భధారణలు తగ్గినట్టు ఆధారం దొరకలేదు. బడి మానకుండా ప్రోత్సాహకాలిచ్చిన చోట మాత్రం తగ్గే సూచన కనిపించింది.

చట్టం మరో చిక్కు. పోక్సో చట్టం, 2012 ప్రకారం 18 ఏళ్లలోపు వారి సమ్మతి చెల్లదు. నేరం జరిగిందని తెలిసీ ఫిర్యాదు చేయకపోతే ఆరు నెలల వరకు జైలుశిక్ష పడవచ్చు. సాయం కోరి వచ్చిన పిల్లల గురించి టీచరే పోలీసులకు చెప్పాల్సి వస్తే, రెండోసారి ఎవరూ ఆ టీచరు దగ్గరికి రారు. గర్భస్రావం కోరే మైనర్ల పేరును వైద్యులు పోలీసులకు వెల్లడించనక్కర్లేదని సుప్రీంకోర్టు 2022లో చెప్పింది. గర్భం రాకముందే సలహా కోరేవారికి కూడా ఆ గోప్యత దక్కాలి కదా?

కాబట్టి పంపిణీ కేంద్రం బడి కాకూడదు, ఆరోగ్య కేంద్రం కావాలి. 2014లో మొదలైన రాష్ట్రీయ కిశోర్ స్వాస్థ్య కార్యక్రమం కింద కౌమార ఆరోగ్య క్లినిక్‌లు ఉన్నాయి. కండోమ్‌లు, మాత్రలు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఉచితం. బడి బాధ్యత అక్కడికి దారి చూపడం, సరైన సమాచారం ఇవ్వడం. అది చిన్న పనేమీ కాదు. కండోమ్‌ను ప్రతిసారీ సరిగ్గా వాడితే ఏడాదిలో నూటికి ఇద్దరు మహిళలకే గర్భం వస్తుంది. మామూలు వాడకంలో ఆ సంఖ్య 13. ఆ తేడా తెచ్చేది సరుకు కాదు, అవగాహన.

ఆ పాఠం ఎనిమిదో తరగతి పూర్తయ్యేలోపే, పిల్లల సొంత భాషలో జరగాలి. ఆ తర్వాత అమ్మాయి బడి మానకుండా చూడటం అంతకంటే పెద్ద పని.