పూలతో పరిచయము

తొలకరి వానలు కురిసిన కొలది దినములలోనే తెలుగునాట బీడుభూములు, చెరువుగట్లు, దారిప్రక్కలు పచ్చబడును. ఎవరును విత్తకుండగనే, ఎవరును నీరు పోయకుండగనే అచట వేలకొలది మొక్కలు మొలచి పూయును. నేలనంటి ప్రాకు పల్లేరునకు పసుపు పూలు. గడ్డిలో దాగిన విష్ణుక్రాంతమునకు చిట్టి నీలిపూలు. చేలగట్లమీద తుమ్మికి తెల్లని పూలు. కంచెలపై నెగబ్రాకు అడవినాభికి నిప్పుమంటలవంటి పూలు. వీనికి తోటమాలి లేడు, వెల లేదు, అంగడి లేదు.

ఈ సంపద నడుమ ప్రతిదినము బడికి నడచిపోవు బాలబాలికలలో పది అడవిపూల పేర్లు చెప్పగలవారు అరుదు. గులాబి, బంతి, చేమంతి, మల్లె యని అంగడిలో అమ్ము పూల పేర్లు చెప్పి వారు ఆగిపోవుదురు. తక్కినవన్నియు వారికి పిచ్చిమొక్కలే. పేరు తెలియనిదానిపై ఆదరము కలుగదు. ఆదరము లేనిదానిని త్రొక్కివేయుటకు కాలు సందేహింపదు, పెరికివేయుటకు చేయి వెనుదీయదు.

ఒకప్పుడు అడవిపూవు పేరును శాస్త్రీయముగా తెలిసికొనుట కష్టసాధ్యమైన పని. మద్రాసు రాజధానిలోని మొక్కలనుగూర్చి గాంబుల్ ప్రారంభింపగా ఫిషర్ పూర్తిచేసిన మహాగ్రంథము 1915 మొదలు 1936 వరకు భాగములుగా వెలువడెను. అది ఆంగ్లమున, కఠినమైన పరిభాషలో నున్నది. బడిపిల్లవాడు దానిని చేతబట్టుకొని గట్లవెంట తిరుగజాలడు. నేడు జేబులో నిముడు సెల్‌ఫోను ఆ పనికి పూనుకొన్నది. అమెరికాలోని బర్క్లీలో విశ్వవిద్యాలయ విద్యార్థుల కృషిగా 2008లో పుట్టిన ఐనాచురలిస్ట్, ఫ్రాన్సుదేశపు పరిశోధన సంస్థలు 2013లో సెల్‌ఫోనునకు తెచ్చిన ప్లాంట్‌నెట్ ఇట్టి సాధనములు. పూవును ఫొటో తీసి చూపినచో అవి క్షణములలో దాని పేరును సూచించును.

ఈ సాధనములనుగూర్చి రెండు మాటలు వినవచ్చుచున్నవి. ఫోను చేతికిచ్చినచో పిల్లలు పూవును విడిచి తెరనే చూచుచుందురని కొందరి భయము. ఇక కన్నులకు శ్రమ యేల, పెద్దల నడుగుట యేల, అన్నియు ఫోనే చెప్పునని మరికొందరి ధీమా. ఈ రెండు మాటలును సరికావు. సాధనము మంచిదే, కాని అది చెప్పు పేరు పరిచయమునకు ఆరంభమే గాని అంతము కాదు. వీధిలో పోవు మనుష్యుని పేరు విన్నంతమాత్రమున అతడు మిత్రుడు కాడు గదా!

ముందుగా ఫోను చేయు మేలును ఒప్పుకొనవలెను. ఊరి పేర్లలో అందముతోబాటు చిక్కు కూడ కలదు. ఒకే మొక్కను ఒకచోట అడవినాభి యనియు, మరియొకచోట పొత్తిదుంప యనియు, గ్రంథములలో అగ్నిశిఖ యనియు అందురు. దీనికి విపరీతముగా, శంఖపుష్పి యను ఒక్క పేరునే కొందరు విష్ణుక్రాంతమునకును, కొందరు కంచెలపై ప్రాకు నీలి శంఖుపూల తీగెకును వాడుదురు. మందుకొరకు ఒకరు కోరినది ఒకటి, మరియొకరు తెచ్చినది వేరొకటి కావచ్చును. ఇట్టి చిక్కు దేశదేశములందును కలదు. స్వీడనుదేశీయుడైన లిన్నేయసు 1753లో ప్రకటించిన గ్రంథమున ప్రతి మొక్కకు రెండు మాటల పేరును వాడెను. ఆ పద్ధతియే నేటికిని లోకమంతట నిలిచియున్నది. ఫోను ఆ శాస్త్రనామమును పల్లెబాలుని చేతికందించుచున్నది. ఆ పేరును పట్టుకొని వెదకినచో ఎన్నో సంగతులు తెలియును. ప్రతి గట్టుమీదను కనబడు గడ్డిచేమంతి అమెరికా ఖండపు ఉష్ణప్రాంతములనుండి వచ్చినది. వయ్యారిభామయు ఆ ఖండమునుండియే వచ్చి, 1950వ దశకమున పుణెలో కనబడి, పిదప దేశమంతట వ్యాపించినది. దానిని తాకిన పలువురికి చర్మముపై దద్దురులు లేచును. దాని పుప్పొడి పీల్చినచో కొందరికి ఊపిరి సలుపదు. ఇట్టి యెరుక మిక్కిలి ఉపయోగకరము.

ఐనను ఫోను పేరును ఎట్లు చెప్పుచున్నదో ఎరిగినవాడే దాని మాట విలువను తెలియగలడు. అది పూవును ఎరుగదు. అనేకులు తీసి, పేర్లుపెట్టిన లక్షలాది చిత్రములనుండి పోలికలను నేర్చి, క్రొత్త చిత్రము దేనిని పోలియున్నదో ఊహించి చెప్పును. ఎక్కువ చిత్రములున్న మొక్కను చక్కగా గుర్తించును. తక్కువ చిత్రములున్నదానిని తానెరిగిన మరియొక మొక్కగా భ్రమించును. ఏదో ఒక కొండమీద మాత్రమే పూయు పూవు విషయమున ఈ పొరపాటు మరింత సులభము. అందుచేతనే ఇట్టి సాధనములు తరచుగా ఒక్క పేరుతో ఊరకొనక కొన్ని పేర్ల పట్టికను చూపును. అందు మొదటి పేరే నిజమని తలచుట చూచువాని తొందరపాటు.

తంగేడు దీనికి చక్కని నిదర్శనము. తెలంగాణ రాష్ట్రపుష్పమైన తంగేడును, దారిప్రక్కల మొలచు కసిందయు, వేసవిలో బంగారు గుత్తులు వ్రేలాడు రేలయు దగ్గరి చుట్టములు. అన్నింటికిని అయిదు రేకుల పసుపుపూలే. పూవు నొక్కదానినే ఫొటో తీసినచో యంత్రము తికమకపడవచ్చును. కాని ఆకుకాడ మొదట పరిశీలించినచో తంగేటికి చిన్న చెవివంటి గుండ్రని రెక్క అంటియుండుట కనబడును. చెవులు గలదను అర్థము వచ్చునట్లే శాస్త్రజ్ఞులు దానిని ఆరిక్యులేటా యనిరి. తంగేటికాయ పలుచనై, బల్లపరుపుగా, కాగితమువలె నుండును. కసిందకాయ సన్నగా, పొడవుగా నుండును; దాని ఆకును నలిపినచో చెడువాసన కొట్టును. రేలకాయ మూరెడు పొడవున గుండ్రని కఱ్ఱవలె వ్రేలాడును. ఇన్ని గుర్తులను చూచినవాడు యంత్రము చూపిన పట్టికలో ఏది తగునో తానే నిర్ణయింపగలడు. వాసనను ఏ ఫొటోయు పట్టజాలదు. తాకగానే ముడుచుకొను అత్తిపత్తి సిగ్గును నిలిచిన చిత్రము చెప్పజాలదు.

ఈ భేదములను తెలియుట పరీక్షలో మార్కులకొరకు మాత్రమే కాదు. 2016లో ఒడిశా రాష్ట్రమున, ఆంధ్రప్రదేశ్ సరిహద్దున నున్న మల్కన్‌గిరి జిల్లాలో అనేకమంది బాలలు జబ్బుపడి మరణించిరి. మొదట దానిని మెదడువాపు వ్యాధి యనుకొనిరి. ఆ వ్యాధితోబాటు కసింద గింజలలోని విషము కూడ కొందరి మరణమునకు కారణమని పరిశీలించిన నిపుణులు తెలిపిరి. ఇక అడవినాభి సంగతి చూడుడు. దాని పూవు తమిళనాడునకు రాష్ట్రపుష్పము. దాని మొక్కయంతయు విషము, దుంప మరింత విషము. కావున ఫోను చెప్పిన పేరును నమ్మి ఏ ఆకును గాని, కాయను గాని, గింజను గాని నోట బెట్టరాదు. యంత్రము తొమ్మిదిసార్లు నిజము చెప్పి పదియవసారి తప్పినను, ఆ ఒక్క తప్పునకు మూల్యము ప్రాణము కావచ్చును.

ఫోను ఎరుగని విద్య పల్లెలలో ఇంకను కొంత మిగిలియున్నది. చేలో కలుపుతీయు అవ్వకు తుమ్మి ఏ వయసున కూరకు పనికివచ్చునో తెలియును. మేకలు కాచు తాతకు అవి ఏ ఆకును మూతి పెట్టక విడుచునో తెలియును. పండుగలు కూడ ఒకప్పుడు ఈ విద్యకు పాఠశాలలే. వినాయకచవితికి ఇరువదియొక్క విధముల పత్రి కోయబోయిన బాలుడు ఉత్తరేణిని, వావిలిని, విష్ణుక్రాంతమును పోల్చి తెలిసికొనెడివాడు. బతుకమ్మకొరకు తంగేడు, గునుగు పూలు తెచ్చిన బాలిక అవి ఎచట పూయునో ఎరిగియుండెడిది. ఇప్పుడు పట్టణములలో పత్రియు, పూలును కట్టలుగా కొని తెచ్చుచున్నారు. పండుగ జరుగుచున్నది, పాఠము జరుగుటలేదు.

పెద్దల నడిగి పేర్లు వ్రాసికొనుట చిన్నపని కాదని చరిత్ర చెప్పుచున్నది. స్కాట్లండు దేశపు వైద్యుడు విలియం రాక్స్‌బరో 1781 మొదలు కొన్ని యేండ్లు సామర్లకోటలో నుండి ఆ ప్రాంతపు మొక్కలను శోధించెను. భారతీయ చిత్రకారులచేత వానిని గీయించెను. కోరమాండల్ తీరపు మొక్కలనుగూర్చి ఆయన వ్రాసిన గ్రంథము మొదటి సంపుటము 1795లో ఆరంభమాయెను. మూడు సంపుటములలో 300 చిత్రపటములు కలవు. ఆయన తన రచనలలో మొక్కల తెలుగుపేర్లను గూడ పదిలపరచెను. అడవులలో పెరుగు సోమిద చెట్టు తెలుగుపేరే శాస్త్రమున సోయ్‌మిడా యై నేటికిని లోకమంతట పలుకబడుచున్నది. ఆనాడు పరదేశి వినగోరిన పేర్లను ఈనాడు ఇంటి పిల్లలే వినకపోవుట తగునా? వ్రాయబడని పేరు దానిని పలుకు చివరి నాలుకతోనే అంతరించును.

కావున విద్యార్థులు ఒక క్రమమును పాటించుట మేలు. మొదట కన్ను, పిదప పెద్దల మాట, ఆ తరువాత ఫోను. పూవు కనబడగానే దానిని కోయక, దాని చెంత కొంతసేపు కూర్చుండవలెను. రేకులెన్ని, ఆకులు కొమ్మపై ఎదురెదురుగా నున్నవా లేక ఒకదాని పిదప ఒకటిగా నున్నవా, కాండము గుండ్రనిదా నలుపలకలదా యని చూడవలెను. గడ్డిచేమంతిని ఇట్లు చూచినవానికి ఒక వింత తెలియును: ఒక్క పూవుగా తోచునది నిజమునకు అనేకములైన చిట్టిపూల గుంపు. ఈ చూపును ఏ ఫోనును అరువిచ్చునది కాదు. చూచినదానిని పుస్తకమున వ్రాసి, చేతనైనట్లు బొమ్మ గీయవలెను. పిదప ఊరిలోని పెద్దలనడిగి పేరు, గుణము తెలిసికొనవలెను. అంతట ఫోను తీసి మొక్కయంతటికి, ఆకునకు, పూవునకు, కాయకు వేరువేరుగా ఫొటోలు తీసి చూపవలెను. అది చెప్పిన పేరు తాము వ్రాసిన గుర్తులకు సరిపోవుచున్నదో లేదో సరిచూడవలెను. సరిపోనిచో ప్రశ్నార్థకము నుంచి ఉపాధ్యాయుని అడుగవలెను.

ఇందు ఇచ్చిపుచ్చుకొనుట కూడ కలదు. ఐనాచురలిస్ట్‌వంటి వానిలో ఒకరు పంపిన చిత్రమును ఇతరులు చూచి పేరును బలపరచుటయో, సవరించుటయో చేయుదురు. ఆయా భాషల వాడుకపేర్లను చేర్చుటకును అవకాశము కలదు. పెద్దల అనుమతితో, ఉపాధ్యాయుని పర్యవేక్షణలో ఒక తరగతి పిల్లలు తమ ఊరి పూల తెలుగుపేర్లను ఒక్కొక్కటిగా చేర్చినచో, అవ్వ నోటిలోని మాట శాస్త్రనామము ప్రక్కన నిలుచును. అప్పుడు ఫోనుచేత పిల్లలు నేర్చుకొనుటయే గాక, పిల్లలచేత ఫోనును నేర్చుకొనును.

అడవిపూలు ఎవరి మెప్పునకును పూయుట లేదు. తేనెటీగలకు, సీతాకోకచిలుకలకు అవి ఆహారము, నేలకు కప్పు, పేదవానికి కూర. వానిని కాపాడుటకు ముందుగా వానిని గుర్తింపవలెను, గుర్తించుటకు చూడవలెను. యంత్రము పేరును ఇయ్యగలదు గాని, వంగి చూచు ఓపికను ఇయ్యజాలదు. ఆ ఓపిక గల బాలబాలికలు ఊరికొక పదిమంది యున్నచో, గట్టుమీది పూవు పిచ్చిమొక్కగా మిగులదు. పేరున్న పొరుగుదియై నిలుచును.