లినక్సు వచ్చింది, అక్షరాలు రాలేదు

ఎట్టకేలకు నేనూ లినక్సులోకి వచ్చాను. మిత్రులు పదిహేనేళ్ళుగా చెబుతూనే ఉన్నారు గాని, నన్ను కదిలించినది జ్ఞానోదయం కాదు, ఖర్చు. మైక్రోసాఫ్టు 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మద్దతు ముగించింది. గడువు కొంత పొడిగించుకునే వీలు కల్పించినా అది వాయిదాయే. 2016లో కొన్న నా ల్యాప్‌టాపు విండోస్ 11 షరతులకు తూగదు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక మరమ్మతు దుకాణానికి తీసుకువెళితే అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది పక్కన పడేసి కొత్తది తీసుకోండి సార్" అన్నారు. తెర వెలుగుతోంది, మీటలన్నీ పలుకుతున్నాయి. చెడిపోని వస్తువును ఎందుకు పారవేయాలో నాకు బోధపడలేదు.

ఎల్బీనగర్‌లో ఇంటికి వచ్చి ఉబుంటు 24.04ను దించుకొని 8 జీబీల పెన్‌డ్రైవులోకి ఎక్కించాను. కొత్తవారు గమనించవలసినది ఒకటుంది. డిస్కును ముట్టుకోకుండా పెన్‌డ్రైవు నుంచే దీన్ని నడిపి చూడవచ్చు. వైఫై అందుతోందా, ధ్వని వినబడుతోందా అని పరీక్షించి, దస్త్రాలన్నిటికీ వేరొకచోట నకలు తీసుకున్నాకే స్థాపనకు పూనుకోవాలి. డిస్కు తుడిచివేయనా అని అడిగినచోట తొందరపడితే తరువాత ఏడ్చి ప్రయోజనం లేదు. మిగిలినదంతా గంట పని. స్థాపన అనగానే గుడిలో విగ్రహం గుర్తుకొస్తుంది గాని, ఇక్కడ మంత్రాలేమీ లేవు.

అసలు కథ ఆ తరువాత మొదలయింది. మా నాన్నగారి వ్యాసాలను 2004లో దిల్‌సుఖ్‌నగర్‌లోనే ఒక డీటీపీ కేంద్రంలో కూర్పు చేయించాము. పుస్తకం అచ్చు కాలేదు, ఆయనా వెళ్ళిపోయారు. పేజ్‌మేకరు దస్త్రం మిగిలింది. లిబ్రెఆఫీసు దాన్ని తెరిచింది. అడోబీ ఏనాడో వదిలేసిన పేజ్‌మేకరును ఈ ఉచిత సాఫ్ట్‌వేరు ఇంకా గుర్తుపట్టడమే ఒక వింత. తీరా చూస్తే పుటలనిండా ఆంగ్లాక్షరాలు, డాలరు గుర్తులు, ఏవో ఐరోపా భాషల కొమ్ములు.

అను ఫాంట్లలో 'క' నిజానికి 'క' కాదు. మరో గుర్తుకు చెందిన స్థానంలో 'క' బొమ్మను కూర్చోబెట్టారు. ఆ ఫాంటు ఉన్నంతసేపే అది తెలుగు. యూనికోడులో తెలుగుకు 1991 నుంచే సొంత స్థానాలున్నాయి. అయినా పెళ్ళిపత్రికల నుంచి కవితాసంపుటాల వరకు ఎన్నిటినో ఈ అద్దె స్థానాల్లోనే కూర్చుకున్నాం.

ఇది చూసిన మిత్రుడొకడు, "చెప్పానా, లినక్సులో తెలుగు రాదని" అన్నాడు. నేను ఒప్పుకోను. ఆ ఫాంటు లేని విండోసులోనూ వచ్చేది ఈ చెత్తే. తాళం మనం వేసుకున్నదే. 2000ల్లో అందమైన యూనికోడు ఫాంట్లు లేవనే మాటలో నిజముంది. తిరుమల కృష్ణ దేశికాచార్యులుగారి పోతన, వేమనల వంటివి వేళ్ళమీద లెక్కపెట్టదగినన్నే. ఇప్పుడు సిలికానాంధ్ర అందించిన రామభద్ర, మల్లన్న, మండలి వంటివి ఉచితంగానే దొరుకుతున్నాయి. వేళ్ళకు అలవాటైన యాపిల్ అమరిక మారదనే సాకూ చెల్లదు. ఐబస్‌లో ఆ అమరికా ఉంది, ఇన్‌స్క్రిప్టూ ఉంది, ఆర్టీఎస్సూ ఉంది. ఏది ఎంచుకున్నా రాలేది యూనికోడే. డీటీపీ నేర్పే ప్రతిచోటా మొదటిరోజే ఈ తేడా చెప్పితీరాలి. చైతన్యపురి నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా మెట్రో స్తంభాల కింద నడుస్తూ శిక్షణ బోర్డులు చదివినప్పుడల్లా నాకు ఇదే తోస్తుంది.

అను నుంచి యూనికోడుకు మార్చే పరికరాలున్నాయి. నేను వాడినది చాలావరకు బాగానే మార్చింది గాని, వత్తుల దగ్గర తడబడుతోంది. అదృష్టవశాత్తు నాన్నగారు ఎర్రసిరాతో దిద్దిన ప్రూఫు కాగితాలు బీరువాలో దొరికాయి. ఆదివారాలు వాటిని పక్కన పెట్టుకొని ఒక్కొక్క పంక్తీ సరిచూస్తున్నాను. 142 పుటల్లో 37 అయ్యాయి.