తలా ఒక కథ – నిజం ఎక్కడ?

నిప్పు లేనిదే పొగ రాదంటారు పెద్దలు. కానీ నిప్పు కనపడకుండా చేయడానికే పొగ పెట్టేవాళ్లూ ఉంటారు. 2018లో ఇంగ్లాండులోని సాల్స్‌బరీ పట్టణంలో జరిగిన విషప్రయోగమే ఇందుకు ఉదాహరణ.

ఆ ఏడాది మార్చి 4న సెర్గీ స్క్రిపాల్, ఆయన కూతురు యూలియా ఒక బెంచీ మీద స్పృహ లేకుండా కనిపించారు. స్క్రిపాల్ రష్యా సైనిక గూఢచారి శాఖ మాజీ అధికారి. బ్రిటన్‌కు రహస్యాలు అందించాడని రష్యాలో శిక్షపడి, 2010లో గూఢచారుల మార్పిడిలో విడుదలయ్యాడు. ఆయన ఇంటి తలుపు పిడికి నోవిచోక్ అనే నరాలను దెబ్బతీసే విషం పూశారు. తండ్రీకూతుళ్లు బతికారు. కానీ అదే విషం ఉన్న సెంటు సీసా చేతికి చేరి, ఈ గొడవతో ఏ సంబంధమూ లేని డాన్ స్టర్జెస్ అనే మహిళ జూలై 8న చనిపోయింది.

ఇక కథలు మొదలయ్యాయి. విషం బ్రిటన్, స్లొవేకియా, చెక్, స్వీడన్‌లలో ఎక్కడి నుంచైనా వచ్చి ఉండవచ్చని రష్యా విదేశాంగ శాఖ అంది. అది నోవిచోకే కాదు, వేరే రసాయనమని ఆ శాఖ మంత్రి సూచించారు. ఇవన్నీ ఒకేసారి నిజం కాలేవు. వినేవాళ్లు విసిగిపోయి "ఎవరికి తెలుసులే" అంటే చాలు, ఆ కథల పని అయిపోయినట్టే.

అలాగని బ్రిటన్ మాటను గుడ్డిగా నమ్మాలా? అక్కర్లేదు. 2003లో ఇరాక్‌లో మారణాయుధాలున్నాయని చెప్పి యుద్ధానికి వెళ్లిన దేశాల్లో అదొకటి. ఆ ఆయుధాలు దొరకనే లేదు. సాల్స్‌బరీ విషయంలోనూ విదేశాంగ మంత్రి తొందరపడి మాట్లాడితే, పోర్టన్ డౌన్ ప్రయోగశాల అధిపతి మాత్రం "విషమేదో గుర్తించాం, ఎక్కడ తయారైందో మేం తేల్చలేదు" అని స్పష్టం చేశారు. తెలిసినంతే చెప్పడం అంటే అదీ!

ఆధారాలు ఒక్కొక్కటిగా వచ్చాయి. అంతర్జాతీయ రసాయనాయుధ నిషేధ సంస్థ విషం పేరు నిర్ధారించింది. ఇద్దరు రష్యన్లు ఆ ఇంటి దాపుల్లో తిరిగినట్టు కెమెరాల్లో కనిపించింది. వాళ్లు లండన్‌లో దిగిన హోటల్ గదిలో విషపు జాడ దొరికింది. వాళ్లేమో 123 మీటర్ల చర్చి శిఖరం చూడటానికి వచ్చామని టీవీలో చెప్పారు! దాడికి రష్యా అధ్యక్షుడే అనుమతి ఇచ్చి ఉండాలని 2025 డిసెంబరులో బ్రిటన్ విచారణ నివేదిక తేల్చింది. రష్యా కాదంటూనే ఉంది.

ఎక్కడో ఇంగ్లాండు సంగతి మనకెందుకు అనకండి మిత్రులారా. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ని నేనే. ఫోనులో ఏది వచ్చినా "చదువుకున్నోడివి, ఇది నిజమేనా చెప్పు" అని నన్నడుగుతారు. మీలో చాలామందిదీ ఇదే పరిస్థితి. మన వాడల్లో ఎవరైనా అనుమానాస్పదంగా చనిపోయినా తలా ఒక కథ పుడుతుంది. "తాగి పడ్డాడు" అని ఒకరు, "ఇంట్లో గొడవలట" అని ఇంకొకరు. ఈలోగా కేసు నీరుగారిపోతుంది. డబ్బున్నవాడికి కథలు చాలు. మనకు పోస్టుమార్టం రిపోర్టు కావాలి, సాక్షి కావాలి, తేదీ కావాలి.

అందుకే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! ఎవరు చెప్పారు? వాళ్లకెలా తెలిసింది? సంబంధం లేనివాళ్లెవరైనా పరీక్షించారా? ఈ మూడు ప్రశ్నలు అడగండి. మనకు నచ్చని మాటనే కాదు, నచ్చిన మాటను కూడా అడగండి. అనుమానించడం తప్పు కాదు. అనుమానంతోనే ఆగిపోవడం తప్పు.

– హాస్టల్ పూర్వ విద్యార్థి, పి.జి.