చేతి గడియారం ఎవరికి లెక్క చెబుతుంది?

వార్షికోత్సవానికి వచ్చే మన హాస్టల్ పూర్వ విద్యార్థుల చేతుల వైపు ఒకసారి చూడండి. ఉద్యోగాలు వచ్చిన అన్నల్లో చాలామంది స్మార్ట్ వాచీ పెట్టుకుని ఉంటారు. ఎన్ని అడుగులు వేశారు, గుండె ఎన్నిసార్లు కొట్టుకుంది, రాత్రి ఎంతసేపు నిద్రపోయారు, అన్నీ అది చెబుతుంది. మంచిదే. రోజంతా కుర్చీలో కూర్చునేవారికి నడవమని గుర్తు చేసేది ఏదో ఒకటి ఉండాలి. కానీ పెదనందిపాడు, పర్చూరు వైపు నల్లరేగడి చేలల్లో మార్చి ఎండకు మిరపకాయలు కోసే మన అమ్మలకు అడుగుల లెక్కతో పనేముంది?

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాడిని నేను. అమ్మానాన్నలు ఇప్పటికీ కూలికే పోతారు. అందుకే పి.జి. క్లాసులో ఒంటికి తొడిగే పరికరాల గురించి విన్నప్పుడల్లా, దీన్ని ఎవరిని దృష్టిలో పెట్టుకుని తయారు చేశారా అనిపిస్తుంది.

పేదవాడిని దృష్టిలో పెట్టుకున్న రోజులూ ఉన్నాయి. పోలియో వచ్చిన పిల్లలు మూడు కిలోలకు పైగా బరువున్న ఇనుప కాలిపర్లు తొడుక్కుని కాళ్లీడ్చుకుంటూ నడిచేవారు. 1990 దశకంలో హైదరాబాదు నిమ్స్ ఎముకల వైద్యులు, అబ్దుల్ కలాం గారి బృందం కలిసి, అగ్ని క్షిపణికి వాడిన తేలికపాటి పదార్థంతో 300 గ్రాముల కాలిపర్ తయారు చేశారు. ఆ దశకంలోనే డాక్టర్ సోమరాజు గారితో కలిసి కలాం గారు చవకైన గుండె స్టెంటు తెచ్చారు. ఒకటి ఒంటి మీద తొడిగేది, ఇంకొకటి ఒంట్లోనే ఉండిపోయేది.

ఇప్పటి వాచీలు చాలావరకు ఆకుపచ్చ కాంతిని చర్మంలోకి పంపి, తిరిగి వచ్చిన కాంతిని బట్టి నాడి లెక్కకడతాయి. చర్మానికి నలుపునిచ్చే మెలనిన్ కూడా ఆ కాంతిని పీల్చుకుంటుంది. చెయ్యి ఆడుతూ ఉన్నా లెక్క చెదురుతుంది. కోతలో చెయ్యి ఆగేదెప్పుడు? కరోనా కాలంలో వేలికి తగిలించుకున్న పల్స్ ఆక్సీమీటరు సంగతీ అంతే. 2020 డిసెంబరులో అమెరికాలోని మిషిగన్ పరిశోధకులు ఒక లెక్క ప్రచురించారు. ఆక్సీమీటరు 92 నుంచి 96 శాతం చూపిస్తున్నా రక్తంలో నిజంగా ఉన్న ఆక్సిజన్ 88 కంటే తక్కువైన సందర్భాలు తెల్లవారిలో 3.6 శాతమైతే, నల్లవారిలో 11.7 శాతం. యంత్రానికి కులం, రంగు తెలియవంటారు. దాన్ని ఎవరి వేలి మీద పరీక్షించారన్నది మాత్రం ఉంటుంది కదా!

పత్తికి, మిర్చికి కొట్టే ఆర్గానోఫాస్ఫరస్ మందులు నరాల పనికి అవసరమైన కోలినెస్టరేజ్ అనే ఎంజైమును దెబ్బతీస్తాయి. అది రక్తపరీక్షలో తెలుస్తుంది గానీ వాచీ చెప్పలేదు. వీపున పంపు కట్టుకుని సాయంత్రం దాకా మందు కొట్టిన మనిషికి కళ్లు తిరిగితే అది ఎండ దెబ్బో, మందు దెబ్బో గట్టు మీదే తేల్చే పరికరం ఒక్కటి వస్తే, ఈ అడుగుల లెక్కలన్నీ దాని ముందు దిగదుడుపే.

ఇంకో భయం కూడా ఉంది. 2020లో చండీగఢ్‌లో పారిశుధ్య కార్మికుల చేతికి జి.పి.ఎస్. వాచీలు తొడిగారు. పంచకుల, నాగపూర్ లాంటి ఊళ్లలోనూ ఇదే పద్ధతి పెట్టారు. మనిషి ఎక్కడున్నాడో ఆఫీసులో తెర మీద కనబడుతుంది. మరుగుదొడ్డికి వెళ్లాలన్నా భయంగా ఉందని ఆడవాళ్లు వాపోయారు, కార్మికులు నిరసన తెలిపారు. ఊడ్చేవారు ఏ కులాలవారో ఈ పత్రిక చదివేవారికి వేరే చెప్పనక్కర్లేదు. ఆఫీసరు చేతికున్న వాచీ ఆఫీసరుకు చెబుతుంది. ఊడ్చే మనిషి చేతికున్నదీ ఆఫీసరుకే చెబుతుంది. రేపు కర్నూలు వైపు నుంచి మిరపకోతకు వలస వచ్చే కుటుంబాలకు ముఠా మేస్త్రి ఇలాంటివి తొడిగితే, నీళ్లు తాగడానికి గట్టెక్కిన నిమిషాలకూ కూలి కోస్తాడు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! ప్రాజెక్టు అనగానే సీనియర్ల రికార్డు తిరగరాసే అలవాటు మన దగ్గర ఉన్నదే. ఈసారి దాన్ని పక్కన పెట్టి, కోతకు పెట్టుకునే టోపీకి వేడినీ, గాలిలో తేమనూ కొలిచే చిన్న సెన్సారు అమర్చి, హద్దు దాటితే మోగేలా చేయండి. విడిభాగాలు కొన్ని వందల రూపాయల్లో దొరుకుతాయి. సెల్‌ఫోను అక్కర్లేదు, చదువు రానివారికీ తెలుస్తుంది, లెక్క ఏ ఆఫీసుకూ పోదు. ఎవరైనా ముందుకొస్తే సంక్రాంతి దాటాక, ఎండలు ముదిరే లోపు, మా ఊరి చేలోనే పరీక్షించి చూద్దాం. మా అమ్మ పెట్టుకుంటానని ఒప్పుకుంది, బరువు లేకపోతేనే సుమా!